కారులో ఈ చెమ్మ ఎక్కడిదమ్మా?

ముసురు పట్టిన రోజుల్లో పొద్దున్నే కారు తలుపు తీయగానే ముక్కవాసన గుప్పుమంటే మనకి ముందు సిగ్గేస్తుంది. పక్కింటి వదిన "నన్నూ ఎల్బీనగర్ దాకా దించవా" అంటే లోపల ఏమనుకుంటుందోనని బెంగ. ఆ నెపం కాస్తా పిల్లల తడి సాక్సుల మీదా, మొన్న ఒలికిన పెరుగు డబ్బా మీదా తోసేసి, డ్యాష్‌బోర్డు మీద ఒక సెంటు సీసా పెట్టేస్తాం. రెండ్రోజులయ్యేసరికి సెంటూ ముక్కవాసనా కలిసి తలనొప్పి. అవునా, కాదా?

ముందు ఆ సీసా తీసి పక్కన పెట్టండి. "ఇంటీరియర్ క్లీనింగ్ చేయించండి మేడమ్, కొత్తదైపోతుంది" అనేవాళ్ల మాటా ఇప్పుడే వినకండి. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా కార్పెట్ కడిగిస్తే మళ్లీ వానకి మళ్లీ అదే కథ, డబ్బులు మాత్రం మనవి పోతాయి. అసలే హైదరాబాద్ శివారు, మన తుర్కయాంజాల్ కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేసరికే చేతులు ఖాళీ. కారుకి షెడ్డు వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటాం. అందాకా బండి ఎండకీ వానకీ కానుగచెట్టు కిందే కదా!

సరే, టీ తాగుతూ ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. తడి కనిపించింది వాన పడ్డాకా? లేక వాన చినుకైనా లేకుండా, ఏసీ వేసుకుని సాగర్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు ఈడ్చుకుంటూ వచ్చాకా? ఈ ఒక్క జవాబుతో సగం పని అయిపోతుంది. గుర్తులేదంటారా? పరవాలేదు. నాలుగు మ్యాట్లూ ఎత్తి, కింద కార్పెట్ మీద పాత పేపర్లు పరిచి ఉంచండి. డిక్కీలో స్టెప్నీ గుంటలో కూడా ఒకటి వేయండి. ఎక్కడి పేపరు ముందు తడిసిందో, ఆ రోజు వాన పడిందో లేదో క్యాలెండర్ మీద రాసుకోండి. పాలవాడి లెక్క రాసుకునేవాళ్లం, ఇది రాసుకోలేమా?

వాన లేకుండానే ముందు ఎడమవైపు, మీవారు కూర్చునే సీటు ముందు, కాళ్ల దగ్గర తడిసిందంటే తొంభైపాళ్లు ఏసీ నీళ్లే. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి చెమట పట్టినట్టే, డ్యాష్‌బోర్డు లోపలి చల్లని కాయిల్‌కి గాలిలోని తేమ నీళ్లై అంటుకుంటుంది. ఆ నీళ్లు సన్నటి రబ్బరు గొట్టంలోంచి బండి కిందికి కారిపోవాలి. వింటే నవ్వొస్తుంది గానీ, ఏసీ పుట్టిందే తేమను తీసేయడానికి. 1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడక ఇబ్బంది పడుతుంటే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు ఆ తేమను లాగేసే ఏర్పాటు చేశాడు. మనుషులకి చల్లదనం ఆ తర్వాతి ముచ్చట.

కాబట్టి ఏసీ వేసి కారు ఆపాక కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు పడుతుంటే కంగారుపడకండి, అది మంచి సంగతే. ఉక్కపోత రోజున అరగంట ఏసీ వేసినా కింద నేల పొడిగా ఉందంటేనే మనం ఆలోచించాలి. ఆ గొట్టంలో దుమ్ము, నాచు పట్టి ఉంటుంది, లేదా కొసన ఏ పురుగో గూడు పెట్టి ఉంటుంది. మెకానిక్ బండిని పైకెత్తి శుభ్రం చేస్తే అయిపోతుంది, పెద్ద ఖర్చేమీ కాదు. మన వైపు ఖాళీ ప్లాట్ల మట్టి అంతా ఈ బండ్ల మీదే కదా పడేది, ఏటా తొలకరికి ముందే ఒకసారి చూపించేయండి.

తడిని ఒకసారి వేలితో తాకి చూడండి. మామూలు నీళ్లలా ఉంటే భయం లేదు. జిగటగా, తియ్యటి వాసనతో, పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే అది ఇంజిన్ కూలెంట్. హీటర్ దగ్గర కారుతోందన్నమాట. అద్దానికి లోపలివైపు నూనె రాసినట్టు పొర కూడా పడుతుంది. ఇది ఇంటి వైద్యానికి లొంగదు. చేతులు కడుక్కుని, పిల్లల్ని అటు పోనివ్వకుండా, నేరుగా మెకానిక్ దగ్గరికే. అది విషం, నోట్లోకి వెళ్లకూడదు. ఇంజిన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత తిప్పి చూస్తానని మాత్రం వెళ్లకండి, మొహం మీదికి చిమ్ముతుంది.

ఇక వానకి వచ్చే తడి. దీనికి దారులు ఎక్కువ, అందుకే మనకి విసుగు. ముందుగా బానెట్ ఎత్తి, ముందు అద్దం అడుగున వైపర్ల దగ్గరుండే నల్ల ప్లాస్టిక్ జాలీ చూడండి. ఎండాకాలం రాలిన కానుగపూలు, ఎండిన వేపాకు, దుమ్ము కలిసి అక్కడ ముద్దలా గడ్డకట్టి ఉంటాయి. అద్దం మీది వాననీళ్లు అక్కడినుంచి పక్కల్లోకి జారిపోవాలి. దారి మూసుకుపోతే నీళ్లు నిలిచి, ఏసీకి గాలి వెళ్లే దారిలోంచి లోపలికి దిగుతాయి. వంటింటి సింకు జాలీలో మెతుకులు తీసే చేతులకి ఇదొక లెక్కా? చేత్తో తీసేసి, ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి, అటూ ఇటూ జారుతున్నాయో లేదో చూడండి.

తలుపుల సంగతి చాలామందికి తెలియదు. కిటికీ అద్దం సందులోంచి వాననీళ్లు తలుపు లోపలికి వెళ్లడం మామూలే, తలుపు అడుగు అంచున చిన్న చిన్న కంతలు అందుకే పెట్టారు. అవి మట్టితో పూడితే తలుపు తీసినప్పుడల్లా లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో తోమితే తెరుచుకుంటాయి. ఇంకోటి, ఈమధ్య కొత్త స్పీకర్లు పెట్టించారా? కిటికీ మోటారు బాగుచేయించారా? తలుపు అట్ట వెనక ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. పని అయ్యాక దాన్ని సరిగ్గా అతికించకపోతే నీళ్లు నేరుగా కార్పెట్ మీదికే. ముందు అద్దం మార్పించాక తడి మొదలైతే దాని చుట్టూ వేసిన గమ్ము మీదే అనుమానం పెట్టుకోండి.

సన్‌రూఫ్ ఉన్నవాళ్లు ఇది కాస్త జాగ్రత్తగా వినండి. పిల్లలు తల బయటపెట్టి అరుస్తారని మోజుపడి కొంటాం (అలా నిలబెట్టడం ప్రమాదమని ఎన్నిసార్లు చెప్పినా వినరు), దాని మూలల్లో నీళ్లు పోయే గొట్టాలుంటాయని ఎవరూ చెప్పరు. సన్‌రూఫ్ రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపదు. కొంచెం లోపలి గాడిలోకి దిగి, అద్దాల పక్కనుండే స్తంభాల్లోంచి కిందికి పోవాలి. ఆ గొట్టాలు మూసుకుంటే పైకప్పు గుడ్డ మీద గోధుమరంగు మరకలు వస్తాయి. మూలన ఒక టీ గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోసి, బండి కింద చక్రం పక్కన కారుతున్నాయేమో చూడండి. కారకపోతే ఇనప తీగ పెట్టి పొడవకండి, లోపల గొట్టం అతుకు ఊడిందంటే పైకప్పంతా విప్పాల్సిందే.

డిక్కీలో తడి ఉంటే వెనక లైట్ల చుట్టూ ఉండే రబ్బరూ, డిక్కీ బీడింగూ చూడాలి. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. ఒకచోట గట్టిగా పట్టి, ఇంకోచోట సులువుగా జారి వచ్చిందంటే అక్కడ బీడింగ్ ఒత్తుకోవడం లేదు.

ఇంత చూసినా అంతుపట్టకపోతే ఆదివారం పొద్దున పైపు పట్టండి. మీవారిని లోపల కూర్చోబెట్టి టార్చి చేతికివ్వండి, ఆ టార్చి పేరుతో ఫోన్‌లో క్రికెట్ చూడకూడదని ముందే చెప్పండి. మామూలు ధారతో, కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగి పైకి రండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా జారి ఏ కంత దొంగో తెలియదు. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ పైపు వద్దు, అది బాగున్న రబ్బర్లోంచి కూడా నీళ్లని తోసేస్తుంది.

కంత దొరికి మూయించాకే ఆరబెట్టడం. కార్పెట్ పైన చేయి పెడితే పొడిగానే ఉంటుంది, అడుగున ఉన్న స్పాంజి మాత్రం రోజుల తరబడి నీళ్లు పట్టుకుంటుంది. ఆ కిందే వైర్లు, రేకు. అంచు ఎత్తి, తలుపులు తీసి, టేబుల్ ఫ్యానుకి అప్పజెప్పండి. అవసరమైతే సీట్లు విప్పమని మెకానిక్‌నే అడగండి, "అక్కర్లేదు మేడమ్" అన్నా సరే. పూర్తిగా ఆరాక వంటసోడా చల్లి, మర్నాడు వాక్యూమ్ పట్టండి. అద్దాలకి లోపల ఆవిరి పడుతుంటే, కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న మీట ఆపేసి, బయటి గాలి రానిచ్చి ఏసీ వేయండి. పిల్లల తడి గొడుగులు, రెయిన్‌కోట్లు కారులోనే వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చుకోండి.

ఇంకో మాట, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మనం మర్చిపోతామా? సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి, నగరంలో కార్లు కొట్టుకుపోవడం టీవీల్లో చూశాం. అలాంటి ప్రతి వాన తర్వాతా మునిగిన బండ్లు కొన్ని శుభ్రంగా పాలిష్ కొట్టుకుని అమ్మకానికి వస్తాయి. సీటుబెల్టుని చివరిదాకా లాగి చూడండి, కొసన మట్టి చార ఉందా? సీటు కింద పట్టాలకి తుప్పుందా? బేరం మాట్లాడేవాళ్లు "చెల్లెమ్మా, లేటవుతోంది" అని తొందరపెడతారు. పెట్టనివ్వండి. కార్పెట్ అంచు ఎత్తి, చేయి లోపలికి పోనిచ్చి, వాసన కూడా చూశాకే అడ్వాన్సు సంగతి మాట్లాడండి.