అనధ్యయనము

వేదము నిత్యమని, అపౌరుషేయమని పెద్దలు చెప్పుదురు. అట్టి వేదమును సైతము ఎల్లవేళల అధ్యయనము చేయరాదని శాస్త్రము నియమించుట క్రొత్తవారికి వింతగా తోచవచ్చును. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య - ఈ తిథులలో గురువు పాఠము చెప్పడు, శిష్యుడు చెప్పించుకొనడు. అకాలమున ఉరుము ఉరిమినను పాఠము నిలిచిపోవును. దీనికే అనధ్యయనమని పేరు. వేదపాఠశాలల పిల్లలు దీనిని సెలవుగా భావించి సంతోషింతురు. అది సహజమే. శాస్త్రకారుల ఉద్దేశము మాత్రము వేరు.

శ్రీమద్రామాయణమున సుందరకాండలో, లంకనుండి తిరిగివచ్చిన హనుమంతుడు సీతమ్మవారు ఎంతగా కృశించియున్నదో వానరులకు వర్ణించుచు ఒక ఉపమానము చెప్పెను. పాడ్యమినాడు చదువువాని విద్యవలె ఆ తల్లి చిక్కిపోయినదట! చదువకున్నచో విద్య తరుగునని లోకమంతయు ఎరుగును. ఆగవలసిన చోట ఆగక చదివినను తరుగునని మహర్షి హనుమంతుని నోట పలికించెను. వ్యాకరణమంతయు నేర్చినవాడని శ్రీరామునిచే ప్రశంసింపబడిన ఆ మహనీయుడు ఈ మాట చెప్పుట గమనింపదగినది. చదువు విలువ తెలిసినవానికే ఆగుట విలువయు తెలియును.

అయితే అన్నియు ఆగిపోవునా? మనుస్మృతి రెండవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. వేదాంగములకును, నిత్యస్వాధ్యాయమునకును, హోమమంత్రములకును అనధ్యయనము లేదు. సంధ్యావందనము ఆగదు. ఇంటిలో దీపము ఆగదు. ఏది నిత్యమో, ఏది విరామమునకు తగినదో వేరుపరచి తెలిసికొనుటయే ఇందలి కీలకము.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఈ నియమము మరింత మనోహరమైన రూపము దాల్చినది. కార్తికమాసమున తిరుకార్తిగై గడచిన పిమ్మట దివ్యదేశములలో నాలాయిర దివ్యప్రబంధ పారాయణము నిలిచిపోవును. తిరిగి అధ్యయనోత్సవముననే ఆరంభమగును. తిరుమంగైయాళ్వారు శ్రీరంగనాథుని మెప్పించి, నమ్మాళ్వారుల తిరువాయ్మొழి 1102 పాశురములకు వేదముతోపాటు ఉత్సవమున స్థానము కల్పింపుమని వేడుకొనెననియు, ఆళ్వార్ తిరునగరినుండి నమ్మాళ్వారులు వేంచేయువరకు ప్రబంధమును పఠింపక వేచియుండుట ఆనాటినుండి ఆచారమైనదనియు చెప్పుదురు. తరువాతి కాలమున నాథమునులు ఆ ఉత్సవమును నాలుగువేల పాశురములకును విస్తరింపజేసిరి. ఈ నడిమి దినములలో ధనుర్మాసము ప్రవేశించినంతనే గోదాదేవి తిరుప్పావై వినవచ్చును. తిరుమలలో సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై పఠింపబడుట యాత్రికులెల్లరు ఎరిగినదే. కొన్ని ఆలయములలో మణవాళమాముని ఉపదేశరత్నమాల అనుసంధింపబడును. స్వామి ఆరాధన మాత్రము ఒక్కపూటయు లోపింపదు. తనకెంతో ప్రీతికరమైన ఆళ్వారుల పలుకులు లేక స్వామియే కొన్ని వారములు వేచియుండునని ఒక పెద్దలు నవ్వుచు చెప్పగా విని యుంటిని.

ఈ సంగతులన్నియు ఎరిగియుండియు ఈ వ్యాసకర్త చాలకాలము తన విషయమున వీనిని పాటింపలేదు. కొన్ని సంవత్సరములుగా ప్రతి ఉదయము ఐదు నిమిషముల ప్రవచనమును సెల్‌ఫోనులో పలికి బంధువులకును భక్తులకును పంపుచుంటిని. మొదట పదిమంది వినిరి, పిదప వందలమంది వినిరి. సంధ్యావందనము ముగిసిన వెంటనే ఎందరు వినిరో చూచుకొనుట అలవాటైనది. గ్రంథము తెరచుట రేపటి మాట వెదకికొనుటకే అయినది. ఒక ధనుర్మాసపు వేకువలో గోష్ఠిలో నిలుచుండి, ఆనాటి పాశురమునుండి మరునాటికి ఏమి చెప్పవలెనా యని ఆలోచించుచు, సాత్తుమొర అయిన సంగతియే గుర్తింపలేదు. "స్వామీ, తీర్థము" అని అర్చకస్వామి రెండుమార్లు పిలువవలసి వచ్చినది.

మరుసటి ఏడు తిరుకార్తిగై మరునాటినుండి అధ్యయనోత్సవము ఆరంభమగువరకు ప్రవచనము పంపనని ముందుగానే అందరికి తెలియజేసితిని. విసిగి మానినచో అది అలుక యగును. మొదలును తుదియు చెప్పి ఆగినప్పుడే అది నియమము. మొదటి వారము కష్టముగనే గడచినది. తెల్లవారగనే చేయి ఫోనుకొరకు తడవెడిది. ఆ వారముననే దూరపు ఊరిలో ఒంటరిగా నివసించు ఒక వృద్ధురాలు ఫోను చేసి, "నాయనా, పొద్దున్నే నీ మాట వినకపోతే నాకేమీ తోచడం లేదు" అనిరి. ఆ మాటకు మనసు కలతచెందినది. నియమమును విడిచిపెట్టుదునా అనిపించినది. ప్రవచనము పంపలేదు గాని, నాటినుండి దినము విడిచి దినము ఆమెకు ఫోను చేయుచుంటిని. ఆమె చెప్పెడివారు, నేను వినెడివాడను. చిన్ననాట తమ అగ్రహారమున ధనుర్మాసమున వేకువనే లేచి ముగ్గులు పెట్టుట, చలిలో వేడివేడి పొంగలి ప్రసాదమునకై ఆలయము వాకిట నిలుచుట, అర్థము తెలియకయే ముప్పది పాశురములు నోటికి వచ్చుట - ఇవన్నియు చెప్పిరి. మూడేండ్లు నా మాట విన్న ఆమె మాటను నేను వినుట అదియే మొదటిసారి.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. తాళ్లపాక అన్నమాచార్యులు దినమునకు ఒకటికి తక్కువ గాకుండ సంకీర్తనలు సమర్పించి, 32 వేలు రచించిరని ప్రసిద్ధి గదా, ఆయనకు విరామమెక్కడ? ఆయనకు అది నిత్యస్వాధ్యాయము. రాగిరేకులకెక్కిన ఆ సంకీర్తనలు శ్రీవారి ఆలయమునందలి భాండాగారమున శతాబ్దములపాటు లోకమునకు అంతగా తెలియకయే ఉండెను. 20వ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితుల కృషిచే అవి అచ్చుకెక్కినవి. మనము ఉదయము పలికిన ఐదు నిమిషముల మాటకు మధ్యాహ్నమునకే లెక్క చూచుకొందుము. ఆయనతో మనలను పోల్చుకొనుటకు ముందు ఈ ఒక్క భేదమును తలచుకొనుట మంచిది.

తిరుమలకు వచ్చు యాత్రికులు ఫోనును వెలుపల అప్పగించి ఆలయమున ప్రవేశింతురు. ఆ కొద్ది గంటలు ఎవరికిని ఏమియు పంపవలసిన పని లేదు. చాలమంది దీనిని ఇబ్బందిగా తలతురు. నాకు మాత్రము అది ప్రతి యాత్రయందును లభించు చిన్న అనధ్యయనముగా తోచుచున్నది.

ఆ ఏడు అధ్యయనోత్సవపు మొదటి దినమున తిరుమలలో నుంటిని. రంగనాయకుల మండపమున జీయరుస్వాములు, గోష్ఠి ఆసీనులై యుండిరి. పెరియాళ్వారుల తిరుప్పల్లాండు ఆరంభమైనది. ఎన్నో వందలమార్లు విన్న పాశురములే అవి. ఆనాడు మాత్రము రేపటికొరకు ఏమియు దాచుకొనక వింటిని.