టెస్టర్ మాట ఎంతవరకు నమ్మాలి?

ఇంట్లో గానీ మస్జిద్‌లో గానీ ఫ్యాన్ ఆగితే మనం ముందు అందుకునేది టెస్టర్. వెలిగితే కరెంటు ఉందని, వెలగకపోతే లేదని అనుకుంటాం. రెండూ పొరపాటే కావచ్చు.

టెస్టర్‌లోని నియాన్ దీపం వెలగాలంటే మన ఒంటి గుండా అతి స్వల్పంగా కరెంటు నేలకు చేరాలి. ఎండిన చెక్క బల్లపై నిలబడితే వైరులో 230 వోల్టులు ఉన్నా దీపం మసకబారుతుంది. పగటి వెలుతురులో అసలు కనిపించకపోవచ్చు.

ఒక్కోసారి సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది, ఏ వస్తువూ పనిచేయదు. న్యూట్రల్ ఎక్కడో తెగిందని గ్రహించాలి. స్విచ్ వేసి ఉన్న బల్బు గుండా ఫేజ్ ఆ తెగిన న్యూట్రల్ వైరులోకి వస్తుంది. అప్పుడు న్యూట్రల్‌ను తాకినా షాకే.

డిజిటల్ మల్టీమీటర్ కూడా ఎక్కడా కలపని వైరులో 50, 60 వోల్టులు చూపవచ్చు. అది పక్కనున్న ఫేజ్ వైరు ప్రభావం. ఆ వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే ఆ రీడింగ్ పడిపోతుంది. నిజంగా సప్లై ఉంటే ల్యాంపు వెలుగుతుంది.

కనుక మూడు మెట్లు పాటిద్దాం:

1. కరెంటు ఉన్న మరో సాకెట్‌లో టెస్టర్ వెలుగుతుందో చూడాలి.
2. ఫ్యూజ్ తీశాక, పనిచేయబోయే వైరును చూడాలి.
3. మళ్ళీ మొదటి సాకెట్‌లో చూడాలి. అక్కడ వెలగకపోతే రెండో పరీక్ష చెల్లదు.

నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరా (49:6) బోధిస్తుంది. టెస్టర్ తెచ్చే వార్తనూ అలాగే విచారిద్దాం. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానత్.