ఓర్పు కాదు, ఏర్పాటు కావాలి

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఎందరో అమ్మాయిలు హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేసి, ల్యాప్‌టాప్‌తో నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి చేరారు. ఇంటి తిండి, అద్దె మిగులు. సంబరం కొన్నాళ్లే! మీటింగ్‌లో మ్యూట్ తీయగానే కుక్కర్ కూత. సిగ్నల్ కోసం డాబా పైకి, ఎండ తాళలేక మళ్లీ కిందికి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాక పిల్లలున్న ఇళ్లలో వాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టే పనీ అమ్మదే. పైగా, ‘ఇంట్లనే ఉంటివి గదా, జర పప్పు చూడు’ అని ఒక కేక.

కరోనా పోయినా ఆ కేక పోలేదు. ‘ఓపిక పట్టు’ అన్న సలహా కూడా.

ఇంటి నుంచి పని ఇక్కడి ఆడవాళ్లకు కొత్త కాదు. పోచంపల్లి చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసే తల్లులు ఒక్క చీర కోసం దాదాపు 9,000 సార్లు చెయ్యి తిప్పేవారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి ‘ఓర్చుకో అమ్మా’ అనలేదు. ఆమె పేరుతోనే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మనకూ కావాల్సింది అదే: మనిషిని కాదు, పని తీరును మార్చడం.

పనులు రాయండి: 2019 జాతీయ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. పాల ప్యాకెట్ నుంచి రాత్రి గిన్నెల దాకా అన్నీ కాగితం మీద పెట్టి పేర్లు రాయండి. ఎవరూ మీకు ‘సాయం’ చేయడం లేదు, వాళ్ల వంతు చేస్తున్నారు.

వేళ చెప్పండి: డ్యూటీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకానో క్యాలెండర్ మీద రాసి, అత్తమ్మకూ పిల్లలకూ చూపించండి. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే పిలవొద్దని చెప్పండి. టైం కాగానే ల్యాప్‌టాప్ మూసేయండి.

ఆఫీసుకు ముందే చెప్పండి: కరెంటు కోత వేళలు, నెట్ కష్టాలు పొద్దున్నే మేనేజర్‌కు తెలిస్తే, మధ్యాహ్నం సంజాయిషీలు తప్పుతాయి.

అరగంట దాచుకోండి: నడకైనా, దోస్తుతో ముచ్చటైనా సరే. దాన్ని వంటకు అప్పివ్వకండి.

రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా దాచొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కాగితం, పెన్ను పట్టుకుని అందరినీ కూర్చోబెట్టండి. రేపటి టిఫిన్ ఎవరి వంతో ఈ రాత్రే తేలిపోవాలి.