పెద్దవారి దిగులు, చూసుకునేవారి అలసట

చదవవలసిన భాగం: 1 రాజులు 19:1–18

"మా అత్తగారికి ఒంట్లో బాగుండడం లేదండీ. కడుపులో మంట అంటారు, కాళ్ళు లాగుతున్నాయంటారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. పరీక్షలన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు."

ఓ.పి.లో ఇలా చెప్పే కోడళ్ళు, కూతుళ్ళు తరచుగా కనిపిస్తారు. పక్కనే పెద్దావిడ తల వంచుకొని కూర్చుంటారు. నెమ్మదిగా మాట కలిపితే, భర్త ప్రభువునందు నిద్రించిన తర్వాత ఇదంతా మొదలైందని తెలుస్తుంది. "ఇంకా నేనెందుకు ఉన్నానో" అంటారు ఆవిడ. ఇంకొంచెంసేపు ఆగితే, వెంట తెచ్చిన కోడలి కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతాయి. ఈ పాఠం ఆ ఇద్దరి కోసం.

దేవుడు ఏలీయాను గద్దించలేదు

కర్మెలు పర్వతం మీద గొప్ప విజయం చూసిన ప్రవక్త ఏలీయా. అయినా యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం క్రింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతని విశ్వాసాన్ని తప్పు పట్టలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకుంటే రెండోసారి లేపి తినిపించాడు. హోరేబు చేరిన తర్వాతే దేవుడు అతనిని మాట్లాడించాడు. ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగి, ఒకే జవాబును రెండుసార్లు విన్నాడు. చివరకు చేయడానికి పని ఇచ్చాడు, తోడుగా ఎలీషాను చూపించాడు.

నిద్ర, ఆహారం, స్పర్శ, వినే చెవి, పని, తోడు. మన ఇంట్లోని పెద్దలకు కావలసినవి కూడా ఇవే. దిగులుపడిన వారితో "ప్రార్థన చేయడం లేదా? విశ్వాసం లేదా?" అని అనకండి. దిగులు జబ్బు విశ్వాసులకూ వస్తుంది. వైద్యంతో నయమవుతుంది.

బాధ ఎప్పుడు జబ్బవుతుంది?

ఆప్తులు పోయినప్పుడు ఏడవడం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువసేపు ఈ లక్షణాలుంటే డాక్టరుగారికి చూపించండి:

• దేనిమీదా ఆసక్తి లేకపోవడం, గుడికి రానని అనడం
• ఆకలి, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం
• పరీక్షల్లో ఏమీ తేలని నొప్పులు, మంటలు, నీరసం
• విసుగు, మతిమరుపు, మాట తగ్గిపోవడం
• "మీకు భారమైపోయాను" అని పదేపదే అనడం

పెద్ద వయసులో చాలామంది "దిగులుగా ఉంది" అని చెప్పరు, ఒంటి బాధలే చెబుతారు. అందుకే ఇంట్లోవారు కూడా "వయసు కదా" అని వదిలేస్తారు.

వచ్చేటప్పుడు వారు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 తక్కువ కావడం, కొన్ని మందులు కూడా ఇలాంటి లక్షణాలు తెస్తాయి. చెవులు వినబడకపోయినా, శుక్లాలతో చూపు తగ్గినా మనిషి ఒంటరివాడైపోతాడు. దిగులుకు ఇచ్చే మాత్రలు నిద్రమాత్రలు కావు, అలవాటుగా మారవు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి మానేయకండి. తగ్గిన తర్వాత కూడా డాక్టరుగారిని అడగకుండా ఆపకండి.

ఆలస్యం చేయకూడనివి రెండు

మొదటిది: నిన్నటివరకు బాగున్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో ఉప్పు లేదా షుగరు పడిపోవడం కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రెండవది: చావు మాట. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, మనసులోని భారం బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రలు తాళం వేసి దాచండి. ఆ రోజే తీసుకురండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కి రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో చేయగలిగినవి

ఉదయపు ఎండలో కాసేపు నడిపించండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, మనవల చేత బైబిలు చదివించడం వంటి పని ఏదో ఒకటి వారి చేతిలో పెట్టండి. చెప్పిన కథే మళ్ళీ చెబితే మళ్ళీ వినండి. వారు పక్కన ఉండగానే వారి గురించి ఇతరులతో మాట్లాడకండి, వారితోనే మాట్లాడండి. దూరదేశంలో ఉన్న కొడుకు వారానికి ఒకసారైనా చెప్పిన వేళకు తప్పకుండా ఫోన్ చేస్తే, ఆ వేళ కోసం ఎదురుచూడడం కూడా ఒక బలం.

చూసుకునే చేతులు బరువెక్కినప్పుడు

నిర్గమకాండము 17వ అధ్యాయంలో మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు చెరొక ప్రక్క నిలబడి ఆ చేతులను ఆదుకున్నారు. మోషేకే సాయం కావలసి వచ్చినప్పుడు, మంచం పట్టిన మామగారిని ఒంటరిగా చూసుకునే కోడలికి అక్కరలేదా?

నిద్ర లేకపోవడం, నడుము నొప్పి, ఊరికే కోపం రావడం, కోప్పడిన తర్వాత "నేను పాపినా?" అని కుమిలిపోవడం, ఇవన్నీ అలసట గుర్తులు. అది ప్రేమ లేకపోవడం కాదు. కోపం చేయి దాటేలా ఉంటే పెద్దవారిని క్షేమంగా కూర్చోబెట్టి, పక్క గదిలోకి వెళ్ళి ఊపిరి పీల్చుకోండి. మీ బి.పి., షుగరు కూడా చూపించుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చొని పని పంచుకోండి. డబ్బు పంపడం మంచిదే, కానీ ఒక రాత్రి మేలుకొని కూర్చోవడం డబ్బు చేయలేదు. సంవత్సరంలో కొన్ని రోజులైనా వచ్చి ఉండమని అడగండి. పెద్దల సమస్యలకు సలహా కోసం ఎల్డర్‌లైన్ నంబరు 14567 కూడా ఉంది.

సంఘానికి ఒక మాట

సిలువ మీద అంత బాధలో ఉండి కూడా ప్రభువు తన తల్లిని ప్రియశిష్యుడికి అప్పగించాడు (యోహాను 19:26–27). ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేయడంతో మన పని ముగియదు. స్త్రీల సమాజం నుండి ఇద్దరు, ఆదివారం రెండు గంటలు ఆ పెద్దావిడ దగ్గర కూర్చుంటే, ఎన్నో నెలలుగా ఆరాధనకు రాలేని ఆ కోడలు రాగలుగుతుంది.

ఆలోచించండి

1. మన ఇంట్లో మాట తగ్గిపోయిన పెద్దవారు ఎవరైనా ఉన్నారా?
2. వారిని చూసుకునేవారు చివరిసారి పూర్తిగా నిద్రపోయింది ఎప్పుడు?
3. ఈ వారం నేను ఎవరి చేతులను ఆదుకోగలను?