శుక్లం ఆపరేషన్: ఏ లెన్స్ ఎవరికి నప్పుతుంది?

ప్రశ్న (హిందూపురం): శుక్లం తీశాక కంట్లో లెన్స్ ఎందుకు పెడతారు? పెట్టకపోతే ఏమవుతుంది?

జవాబు: కంటిపాప వెనక ఉండే సహజ కటకం వయసుతో పాటు మసకబారడమే శుక్లం. అది కంటి మీద పేరుకునే పొర కాదు కాబట్టి చుక్కల మందుతో కరగదు. ఆపరేషన్‌లో మసకబారిన కటకాన్ని తీసేసి, దాన్ని చుట్టి ఉన్న పల్చటి సంచిని అలాగే ఉంచి, అందులో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. చూపునిచ్చే నడిమి భాగం వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. అటూ ఇటూ పట్టి ఉంచే సన్నని కొక్కేలతో కలిపితే మొత్తం సుమారు 13 మిల్లీమీటర్లు.

లెన్స్ పెట్టకపోతే దాదాపు +10 పవరున్న సోడాబుడ్డి అద్దాలు తప్పవు. వెనకటి తరం వాళ్లు ఆపరేషన్ తర్వాత అవే పెట్టుకుని తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు ఆ ముక్కలను ఇబ్బంది లేకుండా భరించడాన్ని హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు గమనించారు. ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేయించి, 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలిసారి కంట్లో పెట్టారు. మన దేశంలో చాలాకాలం విదేశీ లెన్సే దిక్కు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి చెందిన ఆరోల్యాబ్ 1992లో తయారీ మొదలుపెట్టాక సామాన్యులకూ లెన్స్ అందుబాటులోకి వచ్చింది.

ప్రశ్న (పెనుకొండ): ఆసుపత్రిలో చూపించే ధరల పట్టీలో ఉండే రకాలకు తేడా ఏమిటి?

జవాబు: ప్రధానమైన తేడా ఎంత దూరంలో చూపు తేటగా ఉంటుందన్నదే. మోనోఫోకల్ లెన్స్ ఒకే దూరానికి పనిచేస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు అమర్చి, చదువుకు అద్దాలిస్తారు. మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సులు కంట్లోకి వచ్చే వెలుతురును పంచి రెండు మూడు దూరాలకు అందిస్తాయి, అద్దాల అవసరం బాగా తగ్గుతుంది. ఈడాఫ్ రకం దూరాన్నీ, చేతి చాపు దూరాన్నీ చూపిస్తుంది, సన్న అక్షరాలకు మాత్రం అద్దాలు కావాల్సి రావచ్చు. టోరిక్ అన్నది వేరే కొలమానం. అది కంటి నల్లగుడ్డు ముందు భాగం వంపులో ఉన్న తేడాను, అంటే సిలిండర్ పవర్‌ను సరిచేస్తుంది. పై రకాలన్నీ టోరిక్‌లోనూ దొరుకుతాయి.

ప్రశ్న (ధర్మవరం): మగ్గం నేసేవారికి ఏది మేలు?

జవాబు: ఇక్కడ లెన్స్ రకం కంటే ఏ దూరానికి అమర్చాలన్నదే ముఖ్యం. పట్టుచీర నేసేవారి చూపు రోజంతా అచ్చు దగ్గరే ఉంటుంది. తెగిన పోగును అతకాలన్నా, జరీ అంచులో తప్పు పట్టాలన్నా అక్కడ తేటగా కనబడాలి. మోనోఫోకల్‌ను దూరానికే అమరిస్తే రోడ్డు మీద మనిషి కనిపిస్తాడు గాని పోగు కనిపించదు. మగ్గంలో కూర్చుని, కంటి నుంచి పోగు పడే చోటు దాకా టేపుతో కొలిచి, ఆ సెంటీమీటర్లతో 100ని భాగిస్తే కావలసిన మైనస్ పవర్ సుమారుగా తేలుతుంది. 60 సెంటీమీటర్లయితే అది దాదాపు 1.67. ఆపరేషన్ తర్వాత కంట్లో అంత మైనస్ మిగిలేలా లెన్స్ ఎంచుకుంటే, నేతకు అద్దాలు అక్కర్లేదు, బయటికి వెళ్లేటప్పుడు దూరపు అద్దాలు పెట్టుకుంటే చాలు. ఒక కన్ను దూరానికి, రెండోది పనికి అమర్చే పద్ధతీ ఉంది. కాని అది అందరికీ అలవాటు కాదు.

ఈ కొలతను ఆపరేషన్‌కు ముందే వైద్యుడికి చెప్పాలి. "దూరమా, దగ్గరా?" అన్న ప్రశ్న అడగకుండానే లెన్స్ పవర్ తేల్చేస్తే, చాలాచోట్ల దూరానికే తేలుస్తారు.

ప్రశ్న (పెనుకొండ): రాత్రిపూట బెంగళూరు హైవే మీద లారీ నడిపే వ్యక్తి మల్టీఫోకల్ పెట్టించుకోవచ్చా?

జవాబు: సాధారణంగా వద్దనే అంటారు. వెలుతురును పంచే లెన్సుల్లో ఎదురొచ్చే హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు, చెదిరిన కాంతి కనిపిస్తాయి. మసక వెలుతురులో నల్లటి గేదెను, లైటు లేని ట్రాలీని గుర్తించే శక్తీ కొంత తగ్గుతుంది. చాలామందిలో మెదడు కొన్ని నెలల్లో దీనికి అలవాటు పడుతుంది, కొందరిలో పడదు. 44వ జాతీయ రహదారి మీద రాత్రంతా గడిపే డ్రైవరుకు దూరానికి అమర్చిన మోనోఫోకలే క్షేమం. బిల్లులు చదవడానికి ఒక జత అద్దాలు పెద్ద భారం కాదు.

ప్రశ్న (హిందూపురం): షుగరు ఉన్నవారికి ఖరీదైన లెన్స్ పెడితే చూపు ఎక్కువ వస్తుందా?

జవాబు: రాదు. చూపు లెన్స్‌తో పాటు దాని వెనకనున్న రెటీనా మీదా ఆధారపడుతుంది. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా, గ్లకోమా ఉన్నా, రెటీనా నడిబొడ్డు అరిగినా, వెలుతురును పంచే లెన్స్ ఉన్న చూపును ఇంకా పలచన చేస్తుంది. ఇలాంటివారికి మోనోఫోకలే తగినది. అందుకే లెన్స్ ధర మాట్లాడుకునే ముందే రెటీనా పరీక్ష పూర్తికావాలి.

ప్రశ్న (ధర్మవరం): ఉచితంగా పెట్టే లెన్స్ నాసిరకమా?

జవాబు: ఉచితమైనంత మాత్రాన నాసిరకం కాదు. గట్టి ప్లాస్టిక్ లెన్స్ మడవదు కాబట్టి 6, 7 మిల్లీమీటర్ల కోత కావాలి. మడిచే అక్రిలిక్ లెన్స్‌కు 3 మిల్లీమీటర్ల లోపు కోత చాలు, గాయం త్వరగా మానుతుంది, కోత వల్ల వచ్చే సిలిండర్ పవర్ తక్కువ. సరిగ్గా పెడితే రెండింటితోనూ మంచి చూపే వస్తుంది. పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరులో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో కంటి విభాగం కూడా ఉంది, చికిత్సకు డబ్బు తీసుకోరు.

ధర కంటే కొలత ముఖ్యం. కంటి పొడవు కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే పవర్ రెండున్నర నుంచి మూడు దాకా తప్పుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ తప్పును దిద్దలేదు. టోరిక్ లెన్స్ అయితే సరైన కోణంలో కూర్చోవాలి. 30 డిగ్రీలు పక్కకు తిరిగితే దాని ప్రయోజనం మొత్తం పోతుంది.

ప్రశ్న (హిందూపురం): కొన్నేళ్లకు చూపు మళ్లీ మసకబారితే లెన్స్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. లెన్స్ జీవితాంతం ఉండేదే, శుక్లం మళ్లీ రాదు. చాలాసార్లు మసకబారేది లెన్స్ వెనకనున్న సంచి గోడ. యాగ్ లేజరుతో ఆ గోడలో చిన్న కిటికీ తెరిస్తే చూపు తిరిగి వస్తుంది. అంచు చదరంగా ఉన్న లెన్సుల్లో ఈ ఇబ్బంది తక్కువ. అయితే మసకకు రెటీనా జబ్బూ కారణం కావచ్చు కాబట్టి ముందు పరీక్ష అవసరం.

లెన్స్ పెట్టె మీద కంపెనీ పేరు, మోడల్, పవర్, వరుస నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని డిశ్చార్జి కాగితం మీద అంటించి ఇవ్వమని అడిగి, జాగ్రత్త చేయాలి. రెండో కంటికి ఆపరేషన్ చేసేటప్పుడు మొదటి కంట్లో ఏ లెన్స్ పెట్టారో, దాని పవర్ ఎంతో ఆ కాగితమే చెబుతుంది.