స్కానింగ్ రిపోర్టులో కిడ్నీని చదవడం ఎలా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఇంగ్లీషు రిపోర్టును మన ఇళ్లలో చదివి చెప్పవలసింది మనమే. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక ఆ పని నాకూ తప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

మన చెవి 20,000 హెర్ట్జ్ వరకే వినగలదు. పొట్ట స్కానింగులో వాడే అతిధ్వనులు సుమారు 20 నుంచి 50 లక్షల హెర్ట్జ్ ఉంటాయి. వేట బోట్లలో లోతు చూసే యంత్రంలాగే ఇక్కడ కూడా ప్రతిధ్వనే ఆధారం. ప్రతిధ్వని బాగా వస్తే తెలుపు, రాకపోతే నలుపు.

సిస్ట్ అంటే నీటితిత్తి. నీటిలో ప్రతిధ్వని పుట్టదు కనుక లోపల నల్లగా, గోడ పలుచగా, వెనుక భాగం తెల్లగా కనిపిస్తుంది. థైరాయిడ్‌లోనైనా, కిడ్నీలోనైనా ఇదే సూత్రం. కిడ్నీలో ‘సింపుల్ సిస్ట్’ అని రాస్తే సాధారణంగా భయం లేదు. 50 ఏళ్లు దాటినవారిలో అది మామూలే.

గమనించవలసినవి వేరే ఉన్నాయి. పెద్దవారి కిడ్నీ పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు. ఆరోగ్యంగా ఉంటే దాని పైపొర కాలేయంతో సమానంగా గానీ, కాస్త నల్లగా గానీ ఉంటుంది. జబ్బు ముదిరితే కిడ్నీ గట్టిపడి, కుంచించుకుపోయి, కాలేయం కన్నా తెల్లగా కనిపిస్తుంది. పైపొరకూ లోపొరకూ తేడా చెరిగిపోతుంది. రిపోర్టులో ‘ఇంక్రీజ్డ్ ఎకోజెనిసిటీ’, ‘ఆర్.పి.డి. చేంజెస్’ అనే మాటలుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ‘స్కానింగ్ నార్మల్’ అంటే కిడ్నీ బాగుందని కాదు. స్కానింగ్ ఆకారాన్నే చూపిస్తుంది, పనితీరును కాదు. తొలి దశలో బొమ్మ మామూలుగానే ఉండవచ్చు. ఉద్దానం జబ్బులో మొదట్లో వాపులు, నొప్పి కూడా కనిపించకపోవచ్చు. అందుకే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు కూడా చేయించాలి. క్రియాటినిన్‌ను బట్టి లెక్కకట్టే ఇ.జి.ఎఫ్.ఆర్. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువ ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అది తేలేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఏడాదికొకసారి ఆ రెండు పరీక్షలూ చేయించండి. ఒళ్లునొప్పులకు డాక్టరు రాయని మాత్రలు మింగనివ్వకండి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో దాచండి. మన చదువు మన ఇంటికి ముందుగా ఉపయోగపడవలసింది ఇక్కడే.