పొరుగువాని కోసం సాక్ష్యం

మక్కాలో ముస్లింలపై వేధింపులు మితిమీరిన రోజులవి. హజ్రత్ అబూబక్ర్ (రజి) అబిసీనియాకు వలస వెళ్ళాలని నిశ్చయించుకుని బయలుదేరారు. బర్కుల్ గిమాద్ అనే చోటుకు చేరుకునేసరికి ఖారా తెగ నాయకుడైన ఇబ్ను దగినా ఎదురయ్యాడు. ఎక్కడికి ప్రయాణమని అడిగాడు. తన జాతివారు తనను వెళ్ళగొట్టారని, తన ప్రభువును నిశ్చింతగా ఆరాధించుకునే చోటు వెదుక్కుంటూ పోతున్నానని అబూబక్ర్ (రజి) చెప్పారు. ఇబ్ను దగినా ముస్లిం కాడు. అయినా ఆయన్ను దారిలోనే ఆపేశాడు. ఇటువంటి మనిషి ఊరు వదలటమూ తగదు, ఆయన్ను వెళ్ళగొట్టటమూ తగదు అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు: ఈయన లేనివారికి సంపాదించి పెడతాడు, బంధుత్వాలు నిలుపుతాడు, ఇతరుల భారం మోస్తాడు, అతిథిని ఆదరిస్తాడు, ఆపదలో ఉన్నవాడికి అండగా నిలుస్తాడు. ఆ తర్వాత ఆయన్ను వెంటబెట్టుకుని మక్కాకు వచ్చి, ఖురైష్ పెద్దల దగ్గరకు వెళ్ళి ఈ మాటలే మళ్ళీ చెప్పి, తాను ఆయనకు శరణు ఇచ్చానని ప్రకటించాడు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది.

ఇబ్ను దగినా విశ్వాసం గురించి వాదించలేదు. తాను కళ్ళారా చూసిన పనులను లెక్కపెట్టాడు, అంతే. (తొలి వహీ అవతరించినప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) దైవప్రవక్త (సఅసం)కు ధైర్యం చెబుతూ లెక్కపెట్టిన సుగుణాలు కూడా దాదాపు ఇవే.)

ఇటువంటి సాక్ష్యమే మన కాలంలో ఒక న్యాయస్థానం ముందుకు వచ్చింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, పేటర్సన్ పట్టణంలో ఉన్న ఇస్లామిక్ సెంటర్‌కు ఇమాముగా ముహమ్మద్ ఖతనానీ అనే పాలస్తీనా పండితుడు 1996లో జోర్డాన్ నుంచి వెళ్ళారు. వెళ్ళింది హెచ్-1బి వీసా మీద. ఈ వీసా పేరు మన తెలుగు ఇళ్ళలో తెలియనిదెవరికి? 1999లో ఆయన గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నారు. 2006లో అది తిరస్కరించబడింది. 1993లో ఇజ్రాయెల్ తనను నిర్బంధించిన విషయం దరఖాస్తులో దాచారని, అక్కడ శిక్ష కూడా పడిందని ప్రభుత్వం ఆరోపించింది. నిర్బంధించిన మాట నిజమే గాని తనకు శిక్ష పడినట్లు ఎవరూ చెప్పలేదని ఆయన జవాబిచ్చారు. భార్యాబిడ్డలతో సహా దేశం విడిచి పోవలసిన పరిస్థితి ఏర్పడింది.

2008లో న్యూఆర్క్‌లో విచారణ జరిగింది. కోర్టు బయట వందలాది మంది ఆయనకు మద్దతుగా గుమికూడారు. ముస్లింలే కాదు, యూద, క్రైస్తవ మతగురువులు కూడా ఆయన పక్షాన నిలిచారు. ప్రభుత్వ న్యాయ విభాగానికి, పోలీసు వ్యవస్థకు చెందిన అధికారులు సైతం ఆయన నడవడిని గురించి మంచి సాక్ష్యం చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరు 4న, రమజాన్ మొదటి వారంలో, ఇమ్మిగ్రేషన్ జడ్జి ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు.

అంతటితో కథ ముగియలేదు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 2009లో అప్పీలు బోర్డు తీర్పును పక్కనపెట్టి కేసును తిరిగి పంపింది. 2020లో మళ్ళీ అనుకూలమైన తీర్పు, బోర్డు మళ్ళీ తిరగదోడటం! చివరకు 2025 జులైలో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, బోర్డు తన అధికారాన్ని మించి వ్యవహరించిందని ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. మూడవవారు విభేదించారు.

ఇటువంటి ఆపద తోటివాడికి వచ్చినప్పుడు మన బాధ్యత ఏమిటి? సూరె నిసా 85వ ఆయతు ప్రకారం, మంచి పనికి సిఫారసు చేసినవాడికి అందులో భాగం లభిస్తుంది, చెడుకు సిఫారసు చేసినవాడికి దాని భారంలోనూ భాగం ఉంటుంది. అదే సూరా 135వ ఆయతు సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయానికే కట్టుబడమంటోంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. మనవాడు కదా అని లేని గుణాలు అంటగట్టటం, తెలియని విషయం తెలిసినట్లు రాసివ్వటం సహాయం కాదు. అలాంటి ఉత్తరం ఒకటి పట్టుబడితే, నిజం చెప్పిన పదిమంది మాట కూడా తేలికైపోతుంది. పైన చెప్పిన కేసులో దరఖాస్తులోని ఒక ప్రశ్న కూడా వివాదానికి కారణమైందని మరువకూడదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఏజెంటు నింపి ఇచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టవద్దు.

మరి కొందరంటారు, ప్రభుత్వంతో మనకెందుకు గొడవ అని. విచారణ జరిపించి వినమని కోరటం గొడవ కాదు. ఖురైషీయుల దూతలు కానుకలతో అబిసీనియాకు వెళ్ళి, శరణార్థులను తమకు అప్పగించమని అడిగినప్పుడు, అక్కడి సేనాధిపతులు సరేనన్నారు. నజాషీ రాజు మాత్రం, ఎదుటివారి మాట వినకుండా అప్పగించేది లేదన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) సభలో మాట్లాడగలిగింది ఆ ఒక్క పట్టుదల వల్లనే.

అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో, లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వం సాధారణంగా లాయరును ఇవ్వదు. అందుచేత మొదటి సహాయం లాయరు ఫీజు. అప్పుల్లో కూరుకుపోయినవారు జకాత్ పొందేందుకు అర్హులని సూరె తౌబా 60వ ఆయతు చెబుతోంది. ఫీజు కోసం అప్పు చేసిన కుటుంబం ఆ కోవలోకి వస్తుందేమో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోవాలి. గ్రీన్ కార్డు లేకపోయినా పదేళ్ళకు పైగా అక్కడే నివసించి, సత్ప్రవర్తన కలిగి, తాను వెళ్ళిపోతే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న తన భార్య, బిడ్డ లేక తల్లిదండ్రులు అసాధారణమైన కష్టాల పాలవుతారని నిరూపించగలిగినవారు బహిష్కరణ రద్దు కోరవచ్చు. అది ఇవ్వటం, ఇవ్వకపోవటం జడ్జి విచక్షణపై ఉంటుంది. సత్ప్రవర్తనకు కావలసిన రుజువు ఇరుగుపొరుగువారి దగ్గరే ఉంటుంది. ‘చాలా మంచివాడు’ అని రాస్తే సరిపోదు. ఎన్నేళ్ళుగా తెలుసు, ఎవరి జబ్బులో ఎవరిని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఎవరి జనాజాకు ఏం ఏర్పాటు చేశాడు... ఇబ్ను దగినా చెప్పినట్లు, చూసినది చూసినట్లుగా రాయాలి. ముస్లిమేతర పొరుగువారిని కూడా అడగటానికి మొహమాటపడనక్కర లేదు.

ఇంటి పెద్ద నిర్బంధంలో ఉన్నప్పుడు అద్దె, పిల్లల ఫీజులు, రేషను ఆగవు. మొదటి వారం అందరూ వస్తారు, ఆరో నెలలో ఎవరూ కనిపించరు. మసీదు కమిటీ ఈ నెల ఏ కుటుంబం వంతు, వచ్చే నెల ఎవరిదో రాసిపెట్టుకుంటే మంచిది. వాయిదాకు తోడు వెళ్ళేవారు, ఆ రోజు విచారణ మరో తేదీకి మారితే మళ్ళీ సెలవు పెట్టవలసి ఉంటుందని ముందే అనుకుని ఉండాలి.